భోజనం ముందు, బొమ్మలు తర్వాత

ఆయన పోయిన సంగతి అల్లూరు సెంటర్లో కట్టిన ఫ్లెక్సీ చూస్తే తెలిసింది. బడికి పోతూ ఆటో దిగేసరికి ఎదురుగా ఆయన ముఖం, నిలువెత్తున. గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, ఏదో మహత్తరమైన దాన్ని చూస్తున్నట్టు కళ్ళు సగం మూసి ఉన్నాడు. ఆ ఫొటో తీసింది మా విజయక్క. మద్రాసులో, ఒక పెద్ద హోటల్లో. అప్పుడు ఆయన చూస్తున్నది మెనూ కార్డు. కింది సగం కత్తిరించారు కాబట్టి కార్డు పడలేదు. కింద ఎర్రటి అక్షరాలతో 'కళాహృదయులు, కళాపోషకులు' అని రాయించారు.

మందుల షాపు సుధాకర్ రోడ్డు దాటి నా దగ్గరికొచ్చాడు.

"రాత్రి గుండెపోటు మేడం. ఆదివారం సంతాపసభ పెడతన్నాం. మీరు రెండు ముక్కలు మాట్లాడాల. సార్ గురించి మీకంటే ఎవరికి తెలుసు?"

నిజమే, తెలుసు. అందుకే మాట్లాడనన్నాను. మైకు ముందు నిలబడి అబద్ధాలు చెప్పడం ఆయనకు చేతనవును. నాకు చేతకాదు.

అల్లూరు నుంచి సముద్రం వైపు పోతుంటే కుడిచేతి పక్కన నీళ్ళను చిలికే ఏరేటర్లు నురగలు కక్కుతూ తిరుగుతుంటాయి. ఆ రొయ్యల గుంటలు, గట్లు, మోటారు షెడ్లు అన్నీ ఆయనవే. ఏడాదిలో ఎక్కువ రోజులు ఆయన ఆ గట్ల మీద పాత లుంగీతో తిరుగుతూ, మేత చల్లేవాళ్ళని బూతులు తిడుతూ కనపడేవాడు. ఆ మనిషిని గురించి నేను చెప్పేదేమీ లేదు, అట్లాంటి వాళ్ళు మా వైపు గుంటకొకరు ఉన్నారు. నేను చెప్పేది రెండో మనిషి గురించి. ఏడాదికి రెండు మూడు సార్లు నార కుర్తా తొడుక్కుని, నాఫ్తలీను ఉండల వాసనతో, మద్రాసుకు బొమ్మలు చూడటానికి బయలుదేరే మనిషి గురించి.

దానికాయన పెట్టుకున్న పేరు కళాయాత్ర. యాత్రికులం మేం నలుగురం. పోస్టాఫీసులో పనిచేసే విజయక్క, సుధాకర్, అతని భార్య, బడిలో సోషల్ చెప్పే నేను. బండి ఆయనది. నాకు చిన్నప్పట్నించీ బొమ్మలంటే పిచ్చి. పాఠంలో వేలెడంత అచ్చువేసే విగ్రహాన్ని ఎదురుగా నిలబడి చూడాలని ఉండేది. మా ఊళ్ళో ఆ పిచ్చి ఉన్నట్టు పైకి చెప్పుకున్నది ఆయనొక్కడే. అందుకని భరించాను.

యాత్రకు పదిహేను రోజుల ముందే వాట్సాప్‌లో ఆయన గొంతు మొదలయ్యేది. రాయడం ఆయనకు నామోషీ, అన్నీ మాటల్లోనే పంపేవాడు. ప్రతి దాని చివరా "నోట్ చేసుకోండి" అనేవాడు. మొదట తేల్చేది భోజనం. ఏ హోటలు, ఎన్నో అంతస్తు, కిటికీ పక్కన టేబులుందా లేదా. అది తేలడానికే వారం పట్టేది. ఒకసారి విజయక్క ఉండబట్టలేక అడిగింది.

"సార్, ఇంతకీ బొమ్మలెక్కడ చూస్తన్నాం?"

"బొమ్మలు యాడికి పోతాయి అక్కా? గోడకి మేకు కొట్టి తగిలించి ఉంటారు. టేబులట్లా కాదు, దొరకదు. భోజనం ముందు, బొమ్మలు తర్వాత. నోట్ చేసుకోండి."

ఆ హోటలుకు దగ్గర్లో ఏవి ఉంటే అవే మేం చూడబోయే కళాఖండాలు. దూరంగా ఎంత గొప్ప ప్రదర్శన జరుగుతున్నా అది మా భోజనానికి చుట్టుదారి కాబట్టి మాకు లేదు.

టిఫిను తెచ్చుకోకూడదు. సుధాకర్ భార్య ఒకసారి పులిహోర కట్టుకొస్తే నాయుడుపేట దాటకముందే బండి ఆపించి డ్రైవరుకు ఇప్పించాడు. బొమ్మలు చూసే రోజు ఒంటికి ఇంగువ వాసన అంటకూడదట. ఆమె ఆ రోజంతా ఎవరితోనూ మాట్లాడలేదు. పాపం, మళ్ళీ యాత్రకి మాత్రం వచ్చింది. మేమందరం అంతే, మళ్ళీ మళ్ళీ వచ్చాం.

లోపలికి అడుగుపెట్టగానే ఆయన నడక మారిపోయేది. చేతులు వెనక్కి కట్టుకుని, బొమ్మ కింద అతికించిన చీటీ ముందు చదివేవాడు. వేసినవాడు పేరున్నవాడో కాదో తెలిసిన తర్వాతే తలెత్తేవాడు. అప్పుడు నడుము వెనక్కి వంచి, ఒక కన్ను మూసి, కాసేపు ఆగి "లోతుంది" అనేవాడు. బొత్తిగా అర్థం కాకపోతే "చాలా లోతుంది." బట్టల్లేని ఆడవాళ్ళ బొమ్మల ముందు మాత్రం లోతు గురించి మాట్లాడేవాడు కాదు, కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకునేవాడు.

ఫొటోలు తీయకూడదని బోర్డున్న చోట తప్పకుండా తీయించుకునేవాడు. కాపలావాడు అడ్డం వస్తే అరవంలో గదిమేవాడు. హోటల్లో సర్వరుతో ఇంగ్లీషు, డ్రైవరుతో అచ్చ నెల్లూరు తిట్లు. ఏ భాష ఎవరికి పెట్టాలో అంత కచ్చితంగా తెలిసిన మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.

ఇక ఆ టేబుల్ దగ్గర చూడాలి ఆయన్ని! అందరికీ ఏం కావాలో ఆయనే చెప్పేవాడు. వచ్చిన వాటిలో ఒక్క ప్లేటైనా వెనక్కి పంపేవాడు. బాగుండక కాదు. ఒకటైనా తిప్పి పంపకపోతే మనం ఎవరమో వాళ్ళకు తెలియదని ఆయన సిద్ధాంతం. ఆ సర్వరు పిల్లలు ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్ళు, తలవంచుకుని తీసుకుపోయేవాళ్ళు. అదే కూర గిన్నె మార్చుకుని తిరిగొచ్చేది. "ఇప్పుడు చూడండి!" అని లొట్టలేసుకుంటూ తినేవాడు. రొయ్యలు మాత్రం ముట్టేవాడు కాదు. ఎందుకని సుధాకర్ అడిగితే, "అవి ఏం మేసి పెరుగుతాయో నాకు తెలుసు గదయ్యా" అని ఒకసారి నోరు జారాడు.

మ్యూజియంలో కంచు విగ్రహాలు చూడటానికి పోయిన రోజు నాకింకా గుర్తుంది. నేనొక దేవత విగ్రహం ముందు ఆగిపోయాను. ఆ అమ్మవారి వేళ్ళు పువ్వును పట్టుకున్నట్టు వంగి ఉన్నాయి, చేతిలో పువ్వు లేదు. లేని పువ్వు బరువు ఆ వేళ్ళలో ఎట్లా తెచ్చారా అని చూస్తున్నాను. వెనక నుంచి చప్పట్లు. ఆయనే, బడిపిల్లల్ని తోలినట్టు చప్పట్లు కొడుతున్నాడు.

"మేడం, టైమ్! టేబుల్ పోతాది!"

నేను రానంటే బాగుండేది. వెళ్ళాను. ఆ పూట మష్రూమ్ సూపు తిరిగిపోయి తిరిగొచ్చింది.

ఇట్లా ఉండగా కామాక్షి ఫోన్ చేసింది. ఆ అమ్మాయి పదో తరగతి దాకా నా దగ్గర చదివింది. నోటుపుస్తకం అంచుల నిండా కొంగలు, నాగళ్ళు, అత్తల ముఖాలు వేసేది. మద్రాసులో బొమ్మల కాలేజీలో చేరింది.

"మేడం, మేం కొంతమంది కలిసి బొమ్మలు పెడతన్నాం. మీరు రావాల. మా నాయన్ని గూడా తీసుకొస్తారా? ఒక్కడే అయితే రాలేడు."

వాళ్ళ నాయన పెంచలయ్య. ఈయన గుంటల పక్కనే పెంచలయ్యకు కొద్దిగా వరి చేను ఉండేది. గుంటల్లో ఉప్పునీళ్ళు నిలబెట్టిన తర్వాత గట్టు కింది నుంచి నీరు ఊరి ఆ చేను చౌడెక్కింది. గట్టు వెంబడి ఒక మురుగు కాలవ తవ్విస్తే ఊట అందులో పడిపోతుందని పెంచలయ్య ఊరి పెద్దమనుషుల ముందు మొరపెట్టుకున్నాడు. "అది పుట్టు చౌడు. మా గుంటలు రాకముందు నుంచీ అంతే" అని ఈయన తేల్చేశాడు. పెద్దమనుషులు ఆ మాటే ఖాయం చేశారు. అప్పటికి నాలుగు పంటలు పోయాయి.

అది తెలిసీ కామాక్షి మాట ఆయన చెవిన వేశాను. మద్రాసుకు పోయే బండి ఆయనదే కదా! ఆయన పొంగిపోయాడు.

"మన ఊరి పిల్ల! మనం ప్రోత్సహించకపోతే ఎవరు ప్రోత్సహిస్తారు? టేబుల్‌కి ముందు పది నిమిషాలు పెట్టుకుందాం. నోట్ చేసుకోండి."

బయల్దేరే రోజు పెంచలయ్య ఉతికిన తెల్లచొక్కాతో, చేతిలో స్టీలు క్యారియరుతో వచ్చాడు. బిడ్డకని వాళ్ళావిడ చేపల పులుసు పెట్టి పంపింది. మూత కదలకుండా గుడ్డతో బిగించి కట్టాడు. అయినా మామిడికాయ పులుసు వాసన దాగుతుందా?

"ఏసీ బండిలో పులుసేందయ్యా!" అని ఆయన ముక్కు మూసుకున్నాడు. క్యారియరు బండి పైకెక్కింది. పెంచలయ్య చివరి సీటుకు పోయి, మద్రాసు దాకా పైకప్పు వైపే చూస్తూ కూర్చున్నాడు.

కామాక్షి వాళ్ళు ఒక పాత బంగళా హాలు తీసుకుని బొమ్మలు పెట్టారు. గోడలకు సున్నం అక్కడక్కడా ఊడింది. కింద అతికించిన చీటీల్లో వేసినవాళ్ళ పేర్లే ఉన్నాయి. బొమ్మల పేర్లు రాసిన కాగితం గుమ్మం దగ్గర ఇస్తుంటే, టైమ్ లేదని ఆయన తీసుకోలేదు.

కామాక్షి బొమ్మ ఎదురుగోడ మీద సగం ఆక్రమించి ఉంది. అంతా తెలుపే. పగిలినచోట బూడిదరంగు, మడుగు కట్టినచోట కొంచెం ఎరుపు. మధ్య మధ్య ఎండిన దుబ్బులు, కోసేసిన వెంట్రుకల్లా. పైఅంచున నల్లటి గీత ఒకటి.

పెంచలయ్య గుమ్మంలోనే ఆగిపోయాడు. చెప్పులు విడిచాడు. తర్వాత నెమ్మదిగా దాని దగ్గరికి పోయి, చెయ్యి చాచి, ముట్టుకోకూడదేమోనని మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు. కామాక్షి పక్కన నిలబడి తండ్రి ముఖం చూస్తోంది, పరీక్ష రాసిన పిల్ల మాస్టారి ముఖం చూసినట్టు.

అప్పుడు ఆయన ముందుకొచ్చాడు. చేతులు వెనక్కి కట్టాడు. నడుము వెనక్కి వంచాడు. ఒక కన్ను మూశాడు.

"మంచు!" అన్నాడు.

హాల్లో ఉన్న పిల్లలందరూ ఇటు తిరిగారు. వినేవాళ్ళు దొరికారు కదా, గొంతు ఇంకా పెంచాడు.

"ఏం మంచు వేసిందయ్యా! చూస్తంటేనే వణుకొస్తంది. మన తెలుగుపిల్లలు మంచుని ఇట్లా వేయడం నేను ఇంతవరకూ చూడలా. కాశ్మీరం పోయినావా అమ్మా? సుధాకరూ, ఫొటో తియ్యి."

సుధాకర్ ఫోను పైకెత్తాడు. కామాక్షి ఒక్క క్షణం తండ్రిని చూసింది.

"మంచు కాదు సార్. చౌడు."

"ఏందీ?"

"చౌడు సార్. మా నాయన చేను. ఆ పైనుండే నల్లగీత మీ గుంట గట్టు."

సుధాకర్ ఫోను దించాడు. విజయక్క నా చెయ్యి పట్టుకుని నొక్కింది. ఆయన మూసిన కన్ను తెరిచాడు. ఇంతమంది ముందు నోటమాట పడిపోతే బాగుండేది గానీ, అట్లాంటి మనుషులకు మాట ఎప్పుడూ పడిపోదు. నవ్వాడు.

"అదేనమ్మా ఆర్టంటే! గోరంత దాన్ని కొండంత చేస్తారు. అతిశయోక్తి. ఊహ. ఆర్టిస్టుకు ఊహ ఉండాల."

అంతవరకూ తలొంచుకున్న పెంచలయ్య అన్నాడు, "ఊహ కాదు సార్. అది మా మూలమడి. మా నాయన ఉన్నప్పుడు అందులో మొలగొలుకుల వడ్లు పండినయి."

ఆయన గడియారం చూసుకున్నాడు.

"సరే సరే. టైమయింది, పదండి పదండి. టేబులుంది."

"పెంచలయ్య, కామాక్షి కూడా..." అన్నాను.

"టేబుల్ మనవరకే చెప్పినా మేడం. ముందే నోట్ చేసుకోమన్నా గదా. ఇంకోసారి చూద్దాంలే."

కిటికీ పక్కన రెండు కుర్చీలు వేయలేని హోటలు మద్రాసులో ఎక్కడైనా ఉంటుందా? నేను నోరు తెరిచేలోపే విజయక్క అంది, చాలా మామూలుగా, పోస్టాఫీసులో పక్క కౌంటరుకు పొమ్మన్నట్టు:

"మీరు పోయి రండి సార్. నేనూ మేడం ఇక్కడే ఉంటాం."

"ఇక్కడేం తింటారక్కా?"

"పులుసుంది గదా. డ్రైవర్ని పైనుంచి దించమని చెప్పండి."

ఆయన యాత్రలన్నిటిలో ఆయన భోజనాన్ని కాదన్నవాళ్ళు మేమే మొదలు. బొమ్మ సంగతి విన్నప్పుడు కూడా మారని ముఖం అప్పుడు మారింది. మెడ దాకా ఎర్రబడింది. సుధాకర్ దంపతుల్ని వెంటేసుకుని విసురుగా పోయాడు. గుమ్మం బయట డ్రైవరు దించుతున్న క్యారియరు వైపు సుధాకర్ భార్య చూసిన చూపు నేను మర్చిపోలేదు.

కామాక్షి పక్క సందులో మెస్సు నుంచి అన్నం తెచ్చింది. బంగళా వెనక మెట్ల మీద కూర్చుని తిన్నాం. పులుసు నిన్నటిది, ముక్కలోకి రుచి దిగింది. పెంచలయ్య ముళ్ళు తీసి ముక్కలు కూతురి అన్నంలో పెట్టాడు. పెడుతూనే అడిగాడు.

"అంత పెద్దదిగా ఎందుకేసినావు మే?"

"చిన్నదిగా వేస్తే అది చౌడని నీకు తప్ప ఎవరికీ తెలీదు నాయనా."

"పెద్దదిగా వేసినా తెలీలేదు గదమ్మా ఆ సారుకి" అన్నాడు పెంచలయ్య. ముందు కామాక్షి నవ్వింది, తర్వాత మేమందరం. నవ్వుతూనే ఆ పిల్ల కళ్ళు తుడుచుకుంది. నేను లోపలికి పోయి ఆ బొమ్మ ముందు మళ్ళీ నిలబడ్డాను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

సాయంత్రం అందరం అదే బండిలో తిరిగొచ్చాం. మూడోరోజు ఆయన నాకు ఫోన్ చేశాడు.

"ఆ బొమ్మ నేను తీసుకుంటా మేడం. ఎంతంటే అంత. మీరు ఆ పిల్లతో మాట్లాడండి. అది అక్కడ గోడకుంటే నాలుగు రకాల మనుషులొస్తారు, ఫొటోలు తీస్తారు, పేపర్లోళ్ళు చూస్తారు. ఎందుకొచ్చిన గొడవ? తెచ్చి మా హాల్లో పెట్టుకుంటా. పేరు మాత్రం మంచు అని మార్చమనండి."

కామాక్షికి చెప్పాను. తను ఎక్కువసేపు ఆలోచించలేదు.

"డబ్బులొద్దు మేడం. గట్టు వెంబడి కాలవ తవ్వించమనండి. బొమ్మ ఊరికే ఇస్తా. పేరు గూడా ఆయనిష్టం, మంచనుకుంటాడో మజ్జిగనుకుంటాడో."

ఆ మాట ఆయనకు చేరవేశాను.  దానికి ఆయన అన్న మాట రాసి గోడకు తగిలించుకోవచ్చు.

"ఛీ, ఛీ! కళని బేరానికి పెడతారా మేడం? ఈ కాలం పిల్లలకి విలువల్లేవు."

బొమ్మ కామాక్షి దగ్గరే ఉండిపోయింది. కాలవ ఎవరూ తవ్వలేదు. మా ఇద్దర్నీ వాట్సాప్ గుంపు నుంచి తీసేశాడు. మాకు పోయిందేమీ లేదు. విజయక్కా నేనూ ఇప్పుడు నెల్లూరులో రైలెక్కి మద్రాసు పోతున్నాం. నచ్చిన బొమ్మ ముందు నచ్చినంతసేపు నిలబడతాం. ఆకలేసినప్పుడు ఎదురుగా ఏముంటే అది తింటాం. ఆయన మాత్రం కొత్తవాళ్ళని పోగుచేసుకుని యాత్రలు చేస్తూనే ఉన్నాడని, పెద్ద పెద్ద ప్లేట్ల ముందు దిగిన ఫొటోలు వస్తూనే ఉన్నాయని సుధాకర్ చెప్పేవాడు. పెంచలయ్య పండని చేను చూస్తూ ఎన్నాళ్ళు కూర్చుంటాడు? చివరికి ఆ సారు గుంటల్లోనే మేత చల్లే పనికి కుదిరాడు.

సంతాపసభకు నేను పోలేదు. ఆ మర్నాడు పెంచలయ్య బస్టాండులో కనపడ్డాడు. కామాక్షి దగ్గరికి పోతున్నానన్నాడు. ఇప్పుడు ఒక్కడే పోగలుగుతున్నాడు. సభలో బాగా మాట్లాడారా అని అడిగితే, "ఎవరెవరో ఏడ్చినారు మేడం" అన్నాడు. సంచి కింద పెట్టి తనే మొదలుపెట్టాడు.

"మీకు చెప్పలేదు గదా. పోయిన నెల సారు మా చేలోకి వచ్చినాడు."

"ఏ సారు? ఆయనా?"

"ఆయనే. పొద్దున్నే, ఒక్కడే. మద్రాసు పోయేటప్పుడు తొడుక్కుంటాడే ఆ చొక్కా, తోలు బూట్లు. యాత్రకి బయల్దేరి, మధ్యలో బండి ఆపించినట్టుంది. నేను గట్టు మీద మేత బస్తా విప్పతన్నా. నన్ను పిలవలేదు. నేరుగా మూలమడిలోకి దిగినాడు. చౌడు పెంకులు పెంకులుగా లేచింది గదా, కాలేస్తే పటపటమంటాది. నడిమధ్య దాకా పోయి నిలబడినాడు. ఎంతసేపో నిలబడినాడు మేడం. వంగి ఒక పెంకు తీసి నాలిక్కి ఆనించుకున్నాడు గూడా."

నేను నమ్మలేకపోయాను. చీటీ లేకుండా, పక్కన ఎవరూ లేకుండా, భోజనం వేళ కాకుండా ఆ మనిషి ఒకచోట నిలబడి చూశాడా?

"నీతో ఏమైనా అన్నాడా?"

"అన్నాడు. నేను పోయి పక్కన నిలబడితే, 'నీ కూతురు తగ్గించే వేసింది పెంచలయ్యా' అన్నాడు."

బస్సు వచ్చి ఆగింది. జనం తోసుకుంటున్నారు. పెంచలయ్య సంచి భుజానికెత్తుకున్నాడు.

"మరి కాలవ? కాలవ సంగతి ఎత్తాడా?" అని వెనకనుంచి గట్టిగా అడిగాను.

పెంచలయ్య మెట్టు మీద కాలుపెట్టి తిరిగి చూశాడు.

"యాడ మేడం! బూట్లకి చౌడు అంటుకుంది, మద్రాసుకు పోవాల, నీళ్ళు తెమ్మన్నాడు. బిందెతో తెచ్చి పోసినా. కడుక్కోని పోయినాడు."